కింబర్లీ మీద జపాన్ దాడులు: ఒక దాడిని కాగితాల్లోంచి, బురదలోంచి తిరిగి కూర్చడం ఎలా

1942 మార్చి 3 ఉదయం జపాన్ నౌకాదళపు జీరో ఫైటర్లు పశ్చిమ ఆస్ట్రేలియాలోని బ్రూమ్ మీద విరుచుకుపడ్డాయి. ఆ పూట మిత్రరాజ్యాలకు పోయిన విమానాలెన్ని అని వెతికితే ఒకచోట 22 అని కనిపిస్తుంది, ఇంకోచోట 24 అని. చనిపోయినవాళ్లు కనీసం 88 మంది అని ఒకరంటే, వంద పైమాటే అని ఇంకొకరంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఎవరి హద్దు వాళ్లు గీసుకుని లెక్కపెట్టారు. ఆ హద్దేమిటో మాత్రం రాయలేదు.

పశ్చిమ ఆస్ట్రేలియా ఉత్తర భాగంలోని కింబర్లీ లాంటి మారుమూల చోట ఈ తికమక ఇంకా ఎక్కువ. ఊళ్లో మనుషులు తక్కువ, కాగితం రాసే అధికారులు మరీ తక్కువ. రేవులో ఉన్న విమానాలు నాలుగు దేశాలవి. చాలావాటిని జపాన్ చేతికి చిక్కుతున్న డచ్ పాలిత జావా నుంచి తప్పించుకొస్తూ అప్పుడప్పుడే దించారు. అన్నిటినీ ఒకే రిజిస్టరులో ఎక్కించిన మనిషి లేడు. అందుకే ఇక్కడి దాడుల చరిత్ర రాయాలంటే ముందు గుమస్తా పని చేయాలి. కథ చెప్పడం ఆ తర్వాత.

ఒక విమానానికి ఒక వరుస

మొత్తం అంకెలను ముందేసుకుని కూర్చోకండి. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, ఒక్కో విమానానికి ఒక్కో వరుస ఇవ్వండి. నిలువు గడులు ఇవి చాలు: ఏ దేశం, ఏ దళం, విమానం రకం, సీరియల్ లేదా రిజిస్ట్రేషన్ నంబరు, దాడి సమయంలో ఎక్కడుంది (నీళ్ల మీద, నేల మీద, గాల్లో), ఏమైంది, ఈ మాట ఏ కాగితంలో ఉంది, ఆ కాగితం రాసిన తేదీ. చివరి గడిని చాలామంది వదిలేస్తారు. తర్వాత అన్నిటికన్నా అక్కరకొచ్చేది అదే.

నంబరు దొరకని విమానానికి కూడా వరుస ఇవ్వండి, కానీ రంగు మార్చండి. నంబరున్న వరుసలనే కూడాలి. రంగు వరుసలు అనుమానపు ఖాతా.

బ్రూమ్ విషయంలో ఈ పద్దు ఇలా తేలుతుంది. బ్రూమ్ రేవైన రోబక్ బేలో ఉన్నవి ఫ్లయింగ్ బోట్లు, అంటే నీళ్ల మీదే దిగి లేచే విమానాలు. వాటిలో డచ్ నౌకాదళపు డోర్నియర్ 24లు 5: ఎక్స్-1, ఎక్స్-3, ఎక్స్-20, ఎక్స్-23, ఎక్స్-28. అదే దళపు కాటలీనాలు 4: వై-59, వై-60, వై-67, వై-70. బ్రిటిష్ 205 స్క్వాడ్రన్ కాటలీనాలు 2. అమెరికా నౌకాదళపు పెట్రోల్ వింగ్ 10కి చెందినవి 2. షార్ట్ ఎంపైర్ ఫ్లయింగ్ బోట్లు 2, వాటి పేర్లు కొరిన్నా, సెంటారస్. మొత్తం 15. ఏరోడ్రోమ్ వైపు అమెరికా బాంబర్లు బీ-17ఈలు 2, బీ-24ఏలు 2, ఆస్ట్రేలియా హడ్సన్ ఏ16-119, డచ్ రవాణా విమానం లోడ్‌స్టార్ ఒకటి. అంటే 6. వెనక్కి పోతున్న జీరోలకు దారిలో చిక్కిన డచ్ పౌర విమానం డీసీ-3 (రిజిస్ట్రేషన్ పీకే-ఏఎఫ్‌వీ) బ్రూమ్‌కు ఉత్తరాన సుమారు 80 కిలోమీటర్ల దూరంలో కార్నట్ బే ఒడ్డున దిగిపోయింది. దాన్ని కలిపితే 22, వదిలేస్తే 21.

ఇక్కడ జారిపడే చోట్లు రెండు. మొదటిది, గాల్లోకి లేచీ లేవగానే కూలిపోయిన బీ-24ఏ, సీరియల్ నంబరు 40-2370. అది ఏరోడ్రోమ్ నుంచి లేచింది కాబట్టి ఒక జాబితాలో నేల నష్టంగా, సముద్రంలో పడింది కాబట్టి ఇంకో జాబితాలో గాలి నష్టంగా ఎక్కుతుంది. రెండు జాబితాలనూ కలిపేసినవాళ్ల లెక్కలో ఒక విమానం రెండుసార్లు చస్తుంది. రెండోది, ఒకే విమానానికి రెండు పేర్లు. సెంటారస్ పౌర విమానంగా పుట్టింది, తర్వాత ఆస్ట్రేలియా వాయుసేనలో ఏ18-10 అయింది. పేరుతో ఒక వరుస, నంబరుతో ఇంకో వరుస పడిపోవడం మామూలే. ఎంపైర్ల వరుసలు 3 అయ్యాయంటే మీ పద్దులోనూ అదే జరిగింది.

ఎవరి గడియారం వాళ్లది

దాడి ఎన్నింటికి మొదలైందో తేల్చడంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ గడియారాలవే. సాక్షుల జ్ఞాపకాల వంతు ఆ తర్వాత. కింబర్లీ గగనంలో ఆ నెలల్లో కనీసం నాలుగు గడియారాలు నడిచాయి.

పశ్చిమ ఆస్ట్రేలియా సమయం గ్రీనిచ్‌కు 8 గంటలు ముందు. కానీ యుద్ధకాలపు పొదుపు కోసం 1942 జనవరి 1 నుంచి మార్చి 29 దాకా గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపారు. అంటే బ్రూమ్ దాడి రోజున చట్టప్రకారం అక్కడి సమయం 9 గంటలు ముందు. టోక్యో సమయం కూడా సరిగ్గా అంతే. జపాన్ నౌకాదళం ఎక్కడున్నా టోక్యో గడియారంతోనే రాసేది కాబట్టి, మార్చి 3 దాడికి జపాన్ కాగితాల్లో ఉన్న సమయాన్ని అలాగే వాడుకోవచ్చు. గంట తీసేయనక్కర్లేదు. ‘టోక్యో ఒక గంట ముందు’ అనే నేటి లెక్కను గుడ్డిగా వాడి గంట తగ్గించేసినవాళ్లు దాడిని పొద్దున ఎనిమిదిన్నరకు జరిపేస్తారు.

డచ్ పైలట్ల సంగతి వేరు. జావా సమయం అప్పట్లో గ్రీనిచ్‌కు ఏడున్నర గంటలు ముందు. జావా నుంచి వచ్చిన పైలట్ తన చేతి గడియారం మార్చుకోకుండా లాగ్‌లో 8:00 అని రాసి ఉంటే, అది బ్రూమ్‌లో 9:30. ఇక డార్విన్ నుంచి వచ్చిన సందేశాలు. డార్విన్ మామూలు సమయం తొమ్మిదిన్నర గంటలు ముందు, పొదుపు గంటతో పదిన్నర. అంటే బ్రూమ్ కన్నా గంటన్నర ముందు.

ఈ తేడాలు తేదీతోపాటు మారతాయి. అదే గొడవ. 1942 మార్చి 29 తర్వాత పశ్చిమ ఆస్ట్రేలియా 8కి దిగింది, సెప్టెంబరు 27న మళ్లీ 9కి ఎక్కింది, 1943 మార్చి 28న దిగింది. ఆ తర్వాత యుద్ధం ముగిసేదాకా అక్కడ గడియారం ముట్టుకోలేదు. 1943 సెప్టెంబరు 27న కింబర్లీలోని క్రైస్తవ మత కేంద్రం డ్రైస్‌డేల్ రివర్ మిషన్ మీద జరిగిన దాడికి వచ్చేసరికి టోక్యో కాగితం నుంచి ఒక గంట తగ్గించాలి, డార్విన్ కాగితం నుంచి గంటన్నర తగ్గించాలి.

పని తేలిక కావాలంటే సమయానికి మూడు గడులు పెట్టండి: కాగితంలో ఉన్నది ఉన్నట్టు, అది ఎవరి గడియారమో, గ్రీనిచ్‌కు మార్చిన సమయం. సైనిక సందేశాల్లో సమయం చివర ఇంగ్లిష్ అక్షరం ఉంటే అదృష్టమే. జెడ్ అంటే గ్రీనిచ్, హెచ్ అంటే 8 గంటలు ముందు, ఐ అంటే 9, కె అంటే 10. మధ్యలో జె ఉండదు. అక్షరం లేకపోతే ఊహించి నింపకండి, గడి ఖాళీగా వదలండి.

దూరంతో, పెట్రోలుతో, తూటాలతో సరిచూడటం

సమయం నిజమేనా అని చూడటానికి మ్యాపు చాలు. అక్షాంశాల తేడాను 111.2తో గుణించండి. రేఖాంశాల తేడాను 111.3తోనూ సగటు అక్షాంశపు కొసైన్‌తోనూ గుణించండి. రెండిటి వర్గాలూ కూడి వర్గమూలం తీస్తే కిలోమీటర్లు వస్తాయి. జీరోలు బయల్దేరిన తిమోర్‌లోని కుపాంగ్ 10.17 దక్షిణం, 123.60 తూర్పు. బ్రూమ్ 17.96 దక్షిణం, 122.24 తూర్పు. లెక్క వేస్తే సుమారు 879 కిలోమీటర్లు. గంటకు 330 కిలోమీటర్ల నిదానపు వేగంతో వస్తే 2 గంటల 40 నిమిషాలు. ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో బ్రూమ్ మీద ఉండాలంటే ఏడు గంటల లోపే లేవాలి. జపాన్ కాగితంలో బయల్దేరిన సమయం దీనికి దగ్గర్లో ఉంటే గడియారాల లెక్క సరిగ్గానే కుదిరినట్టు. గంట అటో ఇటో ఉంటే వెనక్కి వెళ్లి మళ్లీ చూడండి.

ఆ దూరం పోయి రావడానికి జీరో పొట్ట కింద 330 లీటర్ల అదనపు ట్యాంకు కట్టుకుని వచ్చేది. పోరుకు దిగేముందు దాన్ని వదిలేసేవాళ్లు. పై నుంచి రాలే ఆ ట్యాంకును కింద నిలబడి చూసినవాడు బాంబు అనుకోవడంలో వింతేమీ లేదు. జీరోలు మాత్రమే వచ్చిన దాడిలో సాక్షి బాంబులు పడ్డాయని చెప్తే, పేలుడు గుంట ఫోటోగానీ నష్టం రిపోర్టుగానీ దొరికేదాకా దాన్ని అనుమానపు ఖాతాలోనే ఉంచండి.

తూటాల లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఆనాటి ఏ6ఎం2 జీరోకి రెక్కల్లో రెండు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు, ఒక్కోదానికి 60 గుండ్లు. ఆపకుండా కాలిస్తే ఏడు సెకన్లలో ఖాళీ. బ్రూమ్ మీదికి లెఫ్టినెంట్ జెంజిరో మియానో నాయకత్వంలో వచ్చినవి 9 జీరోలు, వాటితో ఒక సీ5ఎం నిఘా విమానం. తొమ్మిదింటికీ కలిపి 20 మిల్లీమీటర్ల గుండ్లు 1,080కి మించవు. జపాన్ రిపోర్టులో ఖర్చయిన గుండ్ల అంకె ఉంటే దీనితో పోల్చండి. మించిందంటే మీరు వేరే రోజు పేజీ చదువుతున్నారు, లేదా 7.7 మిల్లీమీటర్ల వరుసను పొరపాటున చూస్తున్నారు. దాడి గంటసేపు సాగిందని చదివినప్పుడు కూడా ఈ ఏడు సెకన్లు గుర్తుంచుకోండి. విమానాలు గంటసేపు తిరిగి ఉండొచ్చు. ఫిరంగులు గంటసేపు మోగలేదు.

కాగితాలు ఎక్కడుంటాయి, ఎలా అడగాలి

ఆస్ట్రేలియా నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్‌సర్చ్ అనే వెతుకులాట పేజీ ఉంది. అందులో ఊరి పేరు కొట్టి కూర్చుంటే వేల ఫలితాలు వస్తాయి. సిరీస్ నంబరుతో వెళ్లండి. ఏ9186లో వాయుసేన యూనిట్ల దినచర్య పుస్తకాలు, ఫారం ఏ50 అంటారు. ఏ10297లో ఒక్కో విమానం జాతకం, ఎక్కడ చేరింది, ఎప్పుడు కొట్టేశారు అన్నీ ఒక కార్డు మీద. ఏ705లో ప్రాణనష్టం, ప్రమాదాల ఫైళ్లు. ఏ705 మందంగా ఉంటుంది కానీ అసలు సరుకు అక్కడే: ఏడాది తర్వాత కుటుంబానికి రాసిన ఉత్తరం, శిథిలం దగ్గరికి వెళ్లినవాళ్ల నోట్, మృతదేహం గుర్తించిన పద్ధతి. ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్‌లో ఏడబ్ల్యూఎం52 సైన్యం యూనిట్ల డైరీలు, ఏడబ్ల్యూఎం64 వాయుసేన యూనిట్లవి, ఏడబ్ల్యూఎం78 నౌకాదళానివి.

డచ్ కాగితాల్లో తప్పు తలుపు తట్టడం సులువు. ఎక్స్ నంబర్ల డోర్నియర్లు, వై నంబర్ల కాటలీనాలు నౌకాదళపు విమాన విభాగానివి. ఎల్‌టీతో మొదలయ్యే లోడ్‌స్టార్లు ఈస్ట్ ఇండీస్ సైన్యపు విమాన విభాగానివి. పీకేతో మొదలయ్యే డీసీ-3 పౌర విమాన సంస్థది. మూడూ మూడు చోట్ల కాగితం వదిలాయి. నౌకాదళ ఫైళ్లలో పీకే-ఏఎఫ్‌వీ కోసం వెతికితే దొరకదు, దొరకలేదని అది లేనట్టు కాదు.

బ్రిటిష్ 205 స్క్వాడ్రన్ దినచర్య లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 సిరీస్‌లో చూడాలి. అమెరికా వైపు ఒక జాగ్రత్త: తప్పిపోయిన విమాన సిబ్బంది రిపోర్టులు అనేవి 1943లో మొదలైన పద్ధతి. 1942 మార్చి నాటి బీ-24కు ఆ రిపోర్టు కోసం రోజుల తరబడి వెతకొద్దు. విమానం రికార్డు కార్డు, యూనిట్ చరిత్ర, పెట్రోల్ వింగ్ 10 యుద్ధ డైరీ వైపు వెళ్లండి.

జపాన్ కాగితాలంటే చాలామంది భయపడతారు. అవసరం లేదు. ఆసియా చారిత్రక పత్రాల జపాన్ కేంద్రం, దాన్ని జాకర్ అంటారు, స్కాన్ చేసిన పేజీలను ఉచితంగా పెడుతుంది. అందులో మనకు కావలసింది కోడోచోషో, అంటే విమాన దళం రోజువారీ పోరాట నివేదిక. అది గళ్ల ఫారం. భాష రాకపోయినా గళ్లు రెండు మూడు పేజీల్లో అలవాటైపోతాయి: పైలట్ల పేర్లు మూడేసి విమానాల జట్లుగా, లేచిన సమయం, దిగిన సమయం, ఖర్చయిన తూటాలు, సాధించినవి, పోయినవి. తేదీలో ఉండేది షోవా సంవత్సరం. దానికి 1925 కలపండి. షోవా 17 అంటే 1942. దళం పేరు దగ్గర జాగ్రత్త. బ్రూమ్ మీదికి వచ్చిన 3వ కోకూతై (కోకూతై అంటే నౌకాదళ విమాన దళం) 1942 నవంబరు నుంచి 202వ కోకూతై అయింది. 1943 నాటి దాడులకు 3 అని వెతికితే ఏమీ రాదు.

‘సాధించినవి’ అనే గడిని నష్టాల లెక్కలోకి ఎప్పుడూ తేకండి. అది దాడి చేసినవాడి దావా. ‘పోయినవి’ అనే గడి మాత్రం గట్టిది, ఎందుకంటే తమ పైలట్ తిరిగి రాలేదని రాసేవాడికి పొరపడే అవకాశం తక్కువ. ఇదే సూత్రం అవతలి వైపుకూ: మిత్రరాజ్యాలు కూల్చామన్న జీరోలను కాక, జపాన్ పేరు పెట్టి రాసుకున్న పైలట్లను లెక్కపెట్టండి. బ్రూమ్ మీద కూలిన జీరో పైలట్ వారెంట్ ఆఫీసర్ ఒసాము కుడో. లోడ్‌స్టార్ నుంచి ఊడదీసిన మెషిన్‌గన్‌ను చేతుల్లో పట్టుకుని కాల్చిన డచ్ పైలట్ గస్ వింకెల్‌కు ఆ ఘనత దక్కింది.

ఆనాటి ఆస్ట్రేలియా పత్రికల కోసం ట్రోవ్ అనే వెబ్‌సైట్ ఉంది, అదీ ఉచితమే. సెన్సార్ కాలం కాబట్టి దాడి వార్త వచ్చినా నష్టాల వివరాలు రావు. బ్రూమ్ అనే మాటతోపాటు ‘నార్త్-వెస్ట్’ అని కూడా వెతకండి. పాత అచ్చు స్కాన్లలో అక్షరాలు చెడిపోయి ఉంటాయి, కనుక పొడుగు పేర్లకన్నా పొట్టి మాటలు బాగా పట్టుబడతాయి.

కాగితం వయసు చెప్పే గుర్తులు

‘దాడి రోజు రాసిన రిపోర్టు’ అని ఫైలు మీద ఉన్నంతమాత్రాన నమ్మకండి. జపాన్ విమానాలకు మిత్రరాజ్యాలు పెట్టిన మారుపేర్లు, జీక్, బెట్టీ, నెల్ వంటివి, 1942 మధ్యలో పుట్టి ఆ ఏడాది చివరికి వాడుకలో స్థిరపడ్డాయి. మార్చి 3 తేదీ వేసిన కాగితంలో బెట్టీ అనే మాట కనిపిస్తే అది తర్వాత తిరగరాసినది. పారేయక్కర్లేదు. రాసిన తేదీ గడిలో మాత్రం 1942 మార్చి అని వేయకండి.

ఊళ్ల పేర్లూ ఇలాంటివే. నేటి కలుంబురు అప్పటి కాగితాల్లో డ్రైస్‌డేల్ రివర్ మిషన్. 1943 సెప్టెంబరు 27న అక్కడ బాంబులు పడి ఫాదర్ థామస్ గిల్, ఐదుగురు ఆదివాసులు చనిపోయారు. కలుంబురు అని వెతికేవాడికి ఆనాటి ఫైలు తగలదు. అలాగే ఆంజో ద్వీపకల్పం మీది ట్రస్కాట్ ఏరోడ్రోమ్ 1944 నాటిది. 1943 సంఘటనకు ట్రస్కాట్ పేరు ముడిపెట్టిన కాగితమేదైనా వెనక్కి చూసి రాసిందే. 1944 జూలై 20న స్పిట్‌ఫైర్లు కీ-46 నిఘా విమానాన్ని కూల్చింది మాత్రం ఆ ట్రస్కాట్ దగ్గరే.

కూలామా సంగతి: కారణం దగ్గర తొందర వద్దు

విండ్‌హామ్ రేవులో కూలామా ఓడను 1942 మార్చి 3న జపాన్ విమానాలు ముంచేశాయి అని ఒక్క వాక్యంలో రాసేయడం పరిపాటి. తేదీ సరైనదే, విండ్‌హామ్ మీద ఆ రోజు దాడి జరిగిన మాటా నిజమే. కానీ ఆ ఓడ మీద బాంబులు పడింది ఫిబ్రవరి 20న, సముద్రంలో, ఒక జపాన్ ఫ్లయింగ్ బోట్ నుంచి. రులియర్ బే ఒడ్డుకు ఎక్కించి, నీళ్లు తోడుకుంటూ, తంటాలు పడి విండ్‌హామ్ దాకా తెచ్చారు. అప్పటికే గాయపడిన ఓడ జెట్టీ దగ్గర ఒరిగి మునిగింది. దాడి, మునక ఒకే రోజు పడటంతో రెండిటికీ ముడి పడిపోయింది. మీ పద్దులో ‘దెబ్బ తిన్న తేదీ’, ‘పోయిన తేదీ’ అని రెండు గడులుంటే ఈ ముడి దానంతటదే విడిపోతుంది.

మనుషుల లెక్క

విమానాలకు నంబర్లుంటాయి, శరణార్థులకు ఉండవు. జావా నుంచి ఆదరాబాదరాగా ఎక్కించిన ఫ్లయింగ్ బోట్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. ఎవరెక్కారో రాసిన జాబితా ప్రతి విమానానికీ లేదు. అందుకే చనిపోయినవాళ్ల అంకె దగ్గర ‘కనీసం’ అనే మాట తీసేయకూడదు.

ఇక్కడా మనిషికో వరుస. పేరు గడిని రెండుగా చీల్చండి, ఎందుకంటే డచ్ పేర్లలో ముందుండే వాన్, వాన్ డెర్, డె అనేవాటిని ఒక జాబితా ఇంటిపేరులో కలుపుతుంది, ఇంకోటి వెనక్కి నెడుతుంది. వాన్‌తో కలిపి వీ అక్షరం కింద ఒకసారి, అసలు ఇంటిపేరుతో టీ అక్షరం కింద ఒకసారి దొరికిన మనిషి ఒక్కరే కావచ్చు. సమాధుల దగ్గర కూడా అంతే జాగ్రత్త. బ్రూమ్‌లో ఖననం చేసిన డచ్ మృతులను తర్వాత పెర్త్‌లోని కర్రకట్టాకు తరలించారు. రెండు శ్మశానాల జాబితాలనూ కలిపితే చనిపోయినవాళ్లు పెరిగిపోతారు.

హద్దు ఇక్కడా గీయాలి. లేవగానే కూలిన బీ-24ఏ 40-2370లో ఉన్న 33 మందిలో చివరికి బతికినవాడు ఒక్కడే. కార్నట్ బే దగ్గర దిగిన డీసీ-3 వాళ్లలో నలుగురు చనిపోయారు. వాళ్లను బ్రూమ్ మృతుల్లో కలిపారా లేదా అన్నది ప్రతి మూలం దగ్గరా అడగండి. ఆ విమానంలో పోయిన వజ్రాల పొట్లం మీద రాసినంత ఆ నలుగురి మీద రాయలేదు, అదొక విచిత్రం.

బురదలో దిగేముందు

రోబక్ బేలో కొన్ని ఫ్లయింగ్ బోట్ల శిథిలాలు బాగా లోతైన ఆటు రోజుల్లో బయటపడతాయి. టౌన్ బీచ్ నుంచి కిలోమీటరుకు పైగా బురదలో నడక. మిగతావి ఎప్పుడూ నీళ్ల కిందే. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజులకు ఆటు బాగా లాగుతుంది. ఆస్ట్రేలియా వాతావరణ శాఖ బ్రూమ్‌కు ఇచ్చే ఆటుపోట్ల పట్టికలో పగటిపూట పడే అతి తక్కువ అంకెలున్న రోజులు ఎంచుకోండి.

ఇక్కడ పోటు 9 మీటర్ల దాకా లేస్తుంది. అది ఆరు గంటల్లో సమంగా ఎక్కదు. మొదటి గంటలో పన్నెండో వంతు, రెండో గంటలో రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు. అంటే నడి గంటల్లో గంటకు రెండుంపావు మీటర్లు. చదును బురద మీద అది మనిషి నడక కన్నా వేగంగా చుట్టేస్తుంది, వెనకనున్న పల్లాలు ముందు నిండుతాయి. కనిష్ఠ ఆటుకు గంట, గంటన్నర ముందే బయల్దేరి, కనిష్ఠ సమయానికి వెనుదిరిగి ఉండాలి. ఇంకో ఫోటో అని ఆగకండి. పాత బూట్లు గట్టిగా కట్టుకోండి, చెప్పులను బురద లాగేసుకుంటుంది. ఉప్పునీటి మొసళ్లు ఈ తీరంలో ఉన్నాయి. నవంబరు నుంచి మే దాకా విషపు జెల్లీ చేపల కాలం.

గవ్వలు పట్టిన లోహపు ముద్ద ఏ విమానమో చెప్పాలంటే ఇంజను ముఖం చూడండి. ఒకే వరుసలో 9 సిలిండర్లు నక్షత్రంలా ఉంటే డోర్నియర్ వాడిన రైట్ సైక్లోన్ కావచ్చు, లేదా ఎంపైర్ వాడిన బ్రిస్టల్ పెగాసస్ కావచ్చు. ముందొక వరుస, వెనకొక వరుసగా 14 ఉంటే కాటలీనా ట్విన్ వాస్ప్. ఇంజన్లు మూడైతే డోర్నియర్, రెండైతే కాటలీనా, నాలుగైతే ఎంపైర్. ఇంజన్లు తీసేసి ఉంటే ఒడలు చూడాలి: డోర్నియర్‌కు నీటి మట్టం దగ్గర రెండు పక్కలా పొట్టి రెక్కల్లాంటి భాగాలుంటాయి, మిగతా రెండు రకాలకు అవి లేవు.

కొలతకర్రను శిథిలం మీద పెట్టకుండా పక్కన పెట్టి ఫోటో తీయండి. ఏదీ పీకకండి, తిప్పకండి, గవ్వలు కూడా గీకకండి. ఈ శిథిలాలకు రాష్ట్ర వారసత్వ రక్షణ ఉంది, పైగా మనుషులు పోయిన చోటు ఇది. గుండులాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా స్థానం నోట్ చేసుకుని పోలీసులకు చెప్పండి. కలుంబురు ఆదివాసుల భూమి, అనుమతి పత్రం లేకుండా వెళ్లకూడదు. ట్రస్కాట్ ఇప్పుడు ప్రైవేటు ఎయిర్‌బేస్, దానికీ ముందస్తు అనుమతి కావాలి.

జీపీఎస్ విషయంలో ఒక్కటి. పాత సర్వేల్లో శిథిలాల స్థానాలు ఏజీడీ అనే పాత అక్షాంశ రేఖాంశాల లెక్కతో రాసినవి. వాటిని నేటి ఫోన్ మ్యాపులో నేరుగా కొడితే చుక్క సుమారు 200 మీటర్లు నైరుతికి జరిగి పడుతుంది. బురదలో, గడియారం చూసుకుంటూ నడిచేవాడికి 200 మీటర్లు చిన్న సంగతి కాదు. ఇంటి దగ్గరే మార్చుకుని వెళ్లండి.

ఆటుపోట్ల లెక్క కాగితాలకూ పనికొస్తుంది. 1942 మార్చి 3 పున్నమి, ఆ రోజు సంపూర్ణ చంద్రగ్రహణం కూడా. అంటే అంతకుముందు రాత్రి జావా నుంచి వచ్చినవాళ్లు వెన్నెల గురించి చెప్తే అది నమ్మదగ్గదే, కటిక చీకటి అని చెప్తే మబ్బుల సంగతి అడగాలి. ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉండే రోజు కాబట్టి ప్రయాణికులను ఒడ్డుకు చేర్చడం, విమానాలకు పెట్రోలు తెచ్చే పడవ నడపడం నీటి మట్టాన్ని బట్టే సాగాయి. రేవులో ఎవరు ఎందుకు విమానంలోనే ఉండిపోయారని చదివేటప్పుడు ఆ రోజు నీళ్లెంత ఉన్నాయో పక్కన పెట్టుకుని చదవండి.

పద్దు ముగిశాక అంకెను ఒంటరిగా రాయకండి, హద్దుతో రాయండి. బ్రూమ్‌కు అది ఇలా ఉంటుంది: ‘రోబక్ బే నీళ్ల మీద 15, ఏరోడ్రోమ్‌లోనూ అక్కడి నుంచి లేచీ లేవగానే కూలినదాన్నీ కలిపి 6, కార్నట్ బే దగ్గర 1. మొత్తం 22, నంబరు లేని వరుసలు కలపలేదు.’ దీన్ని చూసి 24 అని పట్టుబట్టేవారిని మిగతా రెండింటి నంబర్లు అడగండి. ఇస్తే రంగు తీసేసి వరుసలో చేర్చండి.